6174 - దేవలాలి మాష్టారి సంఖ్య

1949. ఈ సంఖ్యలోని అంకెలను పెద్దవాటి నుండి చిన్నవాటికి పేర్చితే 9941, తిరగేసి పేర్చితే 1499. మొదటిదానిలో నుండి రెండవదాన్ని తీసివేస్తే 8442. దానికీ ఇదే పని చేయండి: 5994. తరువాత వరుసగా 5355, 1998, 8082, 8532, 6174. అక్కడి నుండి ఇక కదలిక లేదు. 7641లో 1467 పోతే మళ్ళీ 6174 మాత్రమే మిగులుతుంది. నాలుగంకెలూ ఒకటే కాని ఏ నాలుగంకెల సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు మెట్లలోపున, మహా అయితే ఏడవ మెట్టున, ఇక్కడికే చేరతాం.

1949నే ఎంచుకోవడానికి కారణముంది. దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ ఈ విశేషాన్ని మద్రాసు గణిత సదస్సులో ప్రకటించినది ఆ యేడే. 1905లో డహాణూలో పుట్టిన ఈయన నాసిక్ చెంతనున్న దేవలాలిలో 1930 నుండి 1962 వరకు బడిపంతులు. పట్టభద్రుడే గాని ఆపై పట్టాలు లేవు. పదవీ విరమణ తరువాత చాలీచాలని పింఛనుతో, ట్యూషన్లు చెప్పుకుంటూ బ్రతికారు. 1975లో మార్టిన్ గార్డ్‌నర్ 'సైంటిఫిక్ అమెరికన్'లో వ్రాసిన తరువాత గాని లోకానికి ఆయన పేరు పెద్దగా తెలియలేదు. 1986లో కన్నుమూశారు.

ఈ మాయ వెనుక ఉన్న కారణం బడిపిల్లలకు కూడా అందేదే. అంకెలను పేర్చి తీసివేసినప్పుడు వచ్చే శేషం రెండే రెండు భేదాల మీద ఆధారపడుతుంది. అన్నిటికన్న పెద్ద అంకెకూ చిన్న అంకెకూ గల భేదాన్ని 999తోను, నడిమి రెండంకెల భేదాన్ని 90తోను గుణించి కలిపితే ఆ శేషం వస్తుంది. ముందు సున్నాలున్నవాటిని కూడా కలుపుకుంటే 9,990 సంఖ్యలున్నాయి. మొదటి తీసివేతతోనే అవన్నీ కలిసి 54కి కుదించుకుపోతాయి. ఆ యాభైనాలుగింటినీ కాగితం మీద ఒక పూటలో పరీక్షించవచ్చు. యంత్రం అక్కరలేదు.

అయితే ఇది గణితమేనా? 1940లో వెలువడిన 'ఎ మేథమెటీషియన్స్ అపాలజీ'లో హార్డీ ఇటువంటి అంకెల వింతలను తేలికగా తీసిపారేశాడు. 1089ని తొమ్మిదింతలు చేస్తే 9801గా తిరగబడుతుంది, నిజమే; అందులో గణితవేత్తను ఆకర్షించేదేమీ లేదన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. మనకు పది వేళ్ళుండబట్టి గదా ఈ దశాంశ పద్ధతి! ఎనిమిది చొప్పున లెక్కించే వారికి 6174లో ఈ విశేషం కనబడదు. అదే, హార్డీకి రామానుజన్ చెప్పిన 1729 రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల వ్రాయదగిన సంఖ్యలలో కనిష్ఠం. ఏ పద్ధతిలో వ్రాసినా ఆ గుణం చెక్కుచెదరదు.

కాని నాకు హార్డీ తీర్పు సగమే సబబనిపిస్తుంది. మూడంకెలూ ఒకటే కాని మూడంకెల సంఖ్యలన్నీ 495 వద్ద ఆగుతాయి. రెండంకెలవి ఆగవు, 9, 81, 63, 27, 45 అంటూ గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాయి. అయిదంకెలకూ అటువంటి మజిలీ లేదు. ఎందుకిలా అని అడిగి, జవాబును నిరూపించబూనితే అది గణితం కాక మరేమిటి?

అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యలకు కాప్రేకర్ 'హర్షద సంఖ్యలు' అని పేరు పెట్టారు, సంతోషాన్నిచ్చేవని అర్థం. 6174 అంకెల మొత్తం 18. భాగిస్తే 343, అనగా ఏడు ఘనం. హార్డీ గారి 1729 కూడా హర్షద సంఖ్యే: అంకెల మొత్తం 19, భాగిస్తే వచ్చేది 91.