చేవెళ్ళ పిల్లలకి బేగంపేట దోమ కథ

“మలేరియా ఎలా వస్తుంది?” అని హైస్కూలు పిల్లల్ని అడిగి చూడండి. నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. కారకం ప్లాస్మోడియం, వాహకం ఆడ ఎనాఫిలిస్ దోమ. రెండు మార్కులు. “సరే, ఆ సంగతి ఎలా కనిపెట్టారు?” అని అడగండి. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. పిల్లలదాకా ఎందుకు, మన ఆఫీసుల్లో అడిగినా అదే వరస. నాకైతే ఆ రెండో ప్రశ్నే అసలు పాఠం అనిపిస్తుంది.

మా టీములో కొందరం వీలున్న శనివారాలు మొయినాబాద్, చేవెళ్ళ వైపు ప్రభుత్వ బళ్ళకి వెళ్ళి ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి సైన్సు చెబుతుంటాం. (వీసా కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ ప్రదక్షిణలు చేసినవాళ్ళకి ఈ దారి కొత్తగా చెప్పక్కర్లేదు.) రోగాలు కలిగించే సూక్ష్మజీవుల పాఠం అనగానే పాశ్చర్, కోచ్, ఫ్లెమింగ్. అందరూ సముద్రాల అవతలివాళ్ళే. సైన్సంటే ఎక్కడో తెల్లదొరల దేశంలో జరిగేది, మనం బట్టీ పట్టాల్సింది అని పిల్లలు అనుకోరూ మరి? కానీ మలేరియా గుట్టు విప్పే మొదటి ఆధారం దొరికింది వీళ్ళ ఊళ్ళకి బస్సు దూరంలోనే. చేవెళ్ళలో బస్సెక్కి మెహదీపట్నంలో దిగి, ఇంకో బస్సు పట్టుకుంటే బేగంపేట.

అప్పటిదాకా ఈ చలిజ్వరానికి కారణం బురద నేలల మీంచి వచ్చే చెడ్డగాలి అనుకునేవారు. మలేరియా అన్న మాటకి అర్థమే అది. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు అల్జీరియాలో రోగుల నెత్తుటిలో ఒక పరాన్నజీవిని చూశాడు. సరే, అది మనిషిలోకి ఎలా దూరుతోంది? దోమల పాత్ర ఉండొచ్చని లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనుమానించాడు. ఆయన ఊహ సగమే నిజం. దోమ నీళ్ళలో పడి చస్తుంది, ఆ నీళ్ళు తాగితే జ్వరం వస్తుంది అనుకున్నాడు.

ఆ ఊహని పట్టుకుని 1895లో సికింద్రాబాద్ వచ్చాడు సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్. ఈయన పుట్టిందీ మన దేశంలోనే, ఆల్మోరాలో. రోగుల్ని దోమలచేత కుట్టించడం, ఆ దోమల్ని కోసి మైక్రోస్కోపులో వెతకడం, ఇదీ పని. దోమలు చచ్చిన నీళ్ళు కొందరిచేత తాగించి కూడా చూశాడు. ఏదీ తేలలేదు. మధ్యలో పై అధికారులు కలరా డ్యూటీ మీద బెంగుళూరు పంపారు. 1897లో తిరిగొచ్చి మళ్ళీ మొదలెట్టాడు. ఎండాకాలం ఉక్కలో పంకా వేసుకుంటే కోసిన దోమలు ఎగిరిపోతాయని అది కూడా మానేశాడు. నుదుటి చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయిట.

మరి రెండేళ్ళు ఎందుకు దొరకలేదు? మన భాషలో చెప్పాలంటే బగ్ ఒక మాడ్యూల్లో ఉంటే ఈయన ఇంకో మాడ్యూల్లో వెతుకుతున్నాడు. ఆయన కోసినవి ఎక్కువగా క్యూలెక్స్, ఏడిస్ రకాలు. మనిషి మలేరియా వాటిలో పెరగదు. ఆగస్టు నడిమికి సహాయకుడు తెచ్చిన పురుగుల్లోంచి మచ్చల రెక్కల దోమలు కొన్ని పుట్టాయి. అవే ఎనాఫిలిస్. వాటిచేత హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించాడు. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున అతనికి కూలి. ఆగస్టు 20న, మిగిలిన కొద్ది దోమల్లో ఒకదాన్ని కోస్తే, దాని కడుపు గోడలో గుండ్రటి కణాలు, లోపల నల్లటి రేణువులు కనిపించాయి. మలేరియా నెత్తుటిలో ఉండే రేణువులే! మర్నాడు చివరి దోమని కోశాడు. కణాలు ఇంకాస్త పెద్దవయ్యాయి. అంటే దోమలో అవి పెరుగుతున్నాయి. నాకు ఈ మర్నాటి దోమే కథలో ముఖ్యం. ఒక్కసారి కనిపిస్తే భ్రమ అనుకోవచ్చు, పెరుగుతూ కనిపిస్తే ఆధారం.

అక్కడితో కథ అయిపోలేదు. ఆయన్ని మళ్ళీ బదిలీ చేశారు. 1898లో కలకత్తాలో పిట్టల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి కాటుతో ఎక్కుతుందని చూపించాడు. ఆ ఏడే ఇటలీలో గ్రాసీ, ఆయన తోటివాళ్ళు మనుషుల మలేరియాలోనూ ఇదే దారి అని నిరూపించారు. ఘనత ఎవరిదని ఇద్దరికీ పెద్ద తగువే నడిచింది. 1902 నోబెల్ మాత్రం రాస్‌కే వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికొచ్చింది, ఇప్పుడది ఆయన పేరుతోనే ఉంది.

ఈ కథ చెప్పినప్పుడు ఏడో తరగతి పిల్ల ఒకతె, “హుస్సేన్ ఖాన్‌కి రోగం తగ్గించకుండా దోమలతోని కుట్టించిండా సార్?” అని అడిగింది. చూశారా! నోబెల్ కన్నా ముందు ఆ అణాల లెక్క అడిగింది. పేదవాడి ఒంటి మీద ప్రయోగం చేసే హక్కు ఎవరిచ్చారన్న ప్రశ్న అది. పరాయి దొరతనంలో, సైన్యం ఆసుపత్రిలో, రోగి “వద్దు” అనగలడా? గొప్ప పనీ, ఈ అన్యాయమూ రెండూ చెప్పాలి. రాస్‌ని దేవుణ్ణి చేస్తే పిల్లలకి సగం చరిత్రే చెప్పినట్టు.

పైగా ఈ పాఠానికి ల్యాబ్ అక్కర్లేదు. బడి వెనక నీళ్ళతొట్టిలో పురుగుల్ని చూపిస్తే చాలు. తలకిందులుగా వేలాడేవి క్యూలెక్సో ఏడిసో, నీటి పైభాగానికి అడ్డంగా పడుకుని తేలేవి ఎనాఫిలిస్. గోడ మీద వాలిన దోమ తోక పైకెత్తి ఏటవాలుగా ఉంటే ఎనాఫిలిస్. ఒంటి మీద తెల్లచారలతో పగలే కుట్టేది ఏడిస్, డెంగీ తెచ్చేది. రాస్‌ని రెండేళ్ళు తిప్పలు పెట్టిన తేడాని పిల్లలు పది నిమిషాల్లో పట్టేస్తున్నారు. ఆ సాయంత్రమే ఇంట్లో గోలేల మీద మూతలు పెట్టించే పిల్లలున్నారు.

2020లో కరోనా వచ్చినప్పుడు చదువుకున్నవాళ్ళు, మన ఐటీ వాళ్ళతో సహా, ఏ పుకారు పడితే ఆ పుకారు ఫార్వర్డ్ చేశారు. వైరస్ పేరు తెలియక కాదు. “నీకెలా తెలుసు?” అని అడిగే అలవాటు ఎవరూ నేర్పలేదు, అంతే. ఆ అలవాటు వచ్చేది పదకొండు, పన్నెండేళ్ళ వయసులో. తర్వాత నేర్పడం ఎంత కష్టమో కోడ్ రివ్యూల్లో కూర్చున్న ఎవరికైనా తెలుసు.

అందుకని నా కోరిక చిన్నది. పరీక్ష పేపర్లో “మలేరియా వాహకం ఏది?” అన్న ప్రశ్న అలాగే ఉండనివ్వండి. పక్కనే “అది దోమే అని నమ్మడానికి రాస్ ఏం చూశాడు?” అని ఇంకొకటి చేర్చండి. ఐదు మార్కులు ఇచ్చినా తప్పులేదు. మీరేమంటారు?