సఖాలిన్ తీరపు చమురు – బూడిదరంగు తిమింగలాలు: ఒక శాస్త్రీయ సలహా చరిత్ర

పసిఫిక్ మహాసముద్రపు పశ్చిమ భాగంలో తిరిగే బూడిదరంగు తిమింగలాలు అంతరించిపోయాయని 1970ల నాటికి పలువురు శాస్త్రజ్ఞులు భావించారు. అమెరికన్ జంతుశాస్త్రవేత్త రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్ 1912లో కొరియాలోని ఉల్సాన్ వేట కేంద్రంలో వీటిని పరిశీలించాడు. అలాంటి వేటే తర్వాతి దశాబ్దాలలో వీటిని దాదాపు తుడిచిపెట్టింది. రష్యాకు చెందిన సఖాలిన్ ద్వీపపు ఈశాన్య తీరాన ఒక చిన్న గుంపు మిగిలివుందని తర్వాత తేలింది. అదే తీరంలో చమురు తవ్వకం మొదలైనప్పుడు శాస్త్రజ్ఞుల సలహా ఎంతవరకు చెల్లింది, ఎక్కడ ఆగింది అన్న విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

‘తిమి’ని మింగేది తిమింగిలమని వ్యుత్పత్తి. ఈ జాతికి ఆ పేరు అంతగా పొసగదు. ఇది లోతు తక్కువ నీటిలో పక్కకు ఒరిగి, అడుగుబురదను పీల్చి, అందులోని రొయ్యల వంటి చిన్న జీవులను వడగట్టి తింటుంది. పిల్టున్ ఉప్పునీటి సరస్సు ఎదుట సముద్రం అలాంటి మేతస్థలం. తల్లులు పిల్లలతో చేరేదీ అక్కడికే. మంచులేని నెలల్లో కూడబెట్టుకున్న కొవ్వే మిగిలిన ఏడాదికి ఆధారం. కాబట్టి చమురు ఒలికితేనే ముప్పు అనుకోవడం పొరపాటు. శబ్దం వల్ల మేత చెదిరినా నష్టమే. 2001లో ఒడోప్టు ప్రాంతంలో జరిగిన భూకంపతరంగ సర్వే సమయంలో తిమింగలాలు పక్కకు తొలగాయని పరిశోధకులు నమోదు చేశారు.

‘సఖాలిన్-2’ పథకం కింద 1999లో ఇక్కడ చమురు ఉత్పత్తి మొదలైంది. రెండో దశకు అంతర్జాతీయ బ్యాంకుల రుణాలు అవసరమయ్యాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఏర్పరచిన స్వతంత్ర నిపుణుల బృందం 2005లో నివేదిక ఇచ్చింది. అప్పటికి మిగిలినవి సుమారు 100. వాటిలో పిల్లలను కనగల ఆడవి 23 మాత్రమే. ఏటా ఒక్క ఆడ తిమింగలం అదనంగా చనిపోయినా జాతి అంతరించే ప్రమాదముందని బృందం హెచ్చరించింది. కంపెనీ సముద్రగర్భ పైపులైనును దాదాపు 20 కిలోమీటర్లు దక్షిణానికి జరిపింది. కొత్త తవ్వక వేదికను మాత్రం జరపలేదు. అది 2007లో అనుకున్నచోటే నిలిచింది.

పైపులైను మళ్లింపును పర్యావరణ విజయంగా పేర్కొనడం పరిపాటి. అది నిజమే, కానీ సగమే. రుణదాతల షరతులు లేకుంటే ఆ సగమైనా దక్కేదా అన్నది అనుమానమే. 2006లో ఏర్పడిన శాశ్వత సలహా సంఘం మాట విని కంపెనీ 2009 నాటి సర్వేను మరుసటి ఏడాదికి వాయిదా వేసింది. అయితే ఆ సంఘం ఒప్పందం ఒక్క కంపెనీతోనే. పొరుగు క్షేత్రాల ఎక్సాన్ అందులో చేరలేదు. వాయిదా వేయమని కోరినా 2010లో రాస్‌నెఫ్ట్ తన సర్వే జరిపింది. తిమింగలాలకు క్షేత్రాల సరిహద్దులు తెలియవు. సఖాలిన్‌లో ఉపగ్రహ పరికరం అమర్చిన వార్వరా అనే ఆడ తిమింగలం మెక్సికో తీరం దాకా వెళ్లి, 2012లో తిరిగివచ్చింది.

2018లో ఈ గుంపును ‘అత్యంత ప్రమాదంలో ఉన్న’ వర్గం నుంచి ‘ప్రమాదంలో ఉన్న’ వర్గానికి మార్చారు. 2022 ఫిబ్రవరిలో షెల్ వైదొలగుతున్నట్లు ప్రకటించింది. జూన్‌లో రష్యా అధ్యక్షుని ఉత్తర్వు పథకాన్ని కొత్త రష్యన్ సంస్థకు అప్పగించింది. సలహా కోరాలని పట్టుబట్టగల పాశ్చాత్య రుణదాతలు గానీ వాటాదారులు గానీ ఇప్పుడు అక్కడ లేరు.