ఈత కల్లు: సంగారెడ్డి – పటాన్‌చెరు ప్రాంతం

ఈత చెట్టు మొవ్వు కింది కాండాన్ని గీసినప్పుడు ఊరే తియ్యని రసం, గాలిలోనూ, రసం పట్టే కుండ అయిన లొట్టిలోనూ ఉండే సూక్ష్మజీవుల వల్ల పులిసి ఏర్పడే పానీయం ఈత కల్లు. పూర్వపు మెదక్ జిల్లా నుంచి 2016లో విడివడిన సంగారెడ్డి జిల్లాలో వాగు ఒడ్లు, చెరువు కట్టలు, పొలం గట్లు ఈ చెట్టుకు అనువైన తావులు. తాటి కల్లు వేసవి పానీయంగా పేరుపడగా, ఈత కల్లు ప్రధానంగా చలికాలపుది.

రెండింటి గీత పద్ధతులు వేరు. తాటిలో పూగెలను కోసి రసం రాబడతారు కనుక కాండానికి గాయం ఉండదు. ఈతలో మట్టలు తొలగించిన చోట కాండాన్నే పలుచగా చెక్కి, రసం జారే దారిలో లొట్టి కడతారు. ఒక ఏడు ఒక వైపు గీస్తే మరుసటి ఏడు దానికి ఎదురు వైపు గీయడం ఆనవాయితీ కావడంతో ముదురు చెట్టు కాండం అటొక గాటు, ఇటొక గాటుగా వంకరలు తిరిగి కనిపిస్తుంది; ఆ గాట్లను లెక్కిస్తే చెట్టు ఎన్నేళ్లుగా గీతలో ఉందో దాదాపుగా చెప్పవచ్చు. చెట్టు ఎక్కేందుకు నడుముకు, కాండానికి కలిపి చుట్టే మోకు, కత్తులు పెట్టుకొనే ముస్తాదు గీత వృత్తికి ముఖ్యమైన సాధనాలు. ఈ వృత్తి తరతరాలుగా గౌడ కులస్థులది.

కల్లు గుణాన్ని నిర్ణయించేది గడియారం. గీసిన రసంలో చక్కెర సుమారు పదో వంతు ఉంటుంది. ఈస్టు దానిని ఆల్కహాలుగానూ బొగ్గుపులుసు వాయువుగానూ మారుస్తుండగా, లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పులుపును చేరుస్తుంది. తెల్లవారుజామున దించినది పాలవంటి తెలుపుతో, నాలుకపై చిమచిమలాడే నురగతో తియ్యగా ఉంటుంది. మధ్యాహ్నానికి తీపి, పులుపు సరితూగుతాయి. సాయంత్రానికి పులుపుదే పైచేయి. మరునాటికి అది సిర్కా దారి పడుతుంది. ఆల్కహాలు సాధారణంగా 4 నుంచి 6 శాతం మధ్య ఉంటుంది. నిలువ ఉండే విషయంలో కల్లు ద్రాక్షసారాకు పూర్తిగా భిన్నమైనది. ఆస్ట్రియాలోని క్లోస్టర్‌నాయ్‌బర్గ్‌లో 1922లో సృష్టించిన జ్వైగెల్ట్ అనే ద్రాక్ష రకం నుంచి తీసే ఎర్ర వైన్, పుల్లని చెర్రీ రుచితో సీసాలో ఏళ్ల తరబడి నిలుస్తుంది, ఖండాలు దాటుతుంది. ఈత కల్లు పక్క ఊరికి చేరేలోపే వేరే రుచికి మారుతుంది. దానికి నేల రుచి కన్నా వేళ రుచి ఎక్కువ.

నంజుకొనే పదార్థాల ఎంపికలోనూ వేళే ప్రమాణం. పొద్దుటి తియ్యని కల్లుకు జోడి అక్కరలేదు. పులిసిన సాయంత్రపు కల్లుకు మాత్రం కారం, ఉప్పు, కొవ్వు మూడూ కావాలి: బోటి కూర, తలకాయ కూర, వేయించిన చెరువు చేప, ఉడికించిన గుడ్డు. పులుపు కొవ్వు జిడ్డును కోస్తుంది, మిగిలిన తీపి కారాన్ని తగ్గిస్తుంది, నురగ నోటిని తేటపరచి తరువాతి ముద్దకు సిద్ధం చేస్తుంది. శాకాహారంలో గుడాలకు, అంటే ఉడికించి ఉల్లి, పచ్చిమిర్చితో తాలింపు పెట్టిన శనగలకు లేదా బొబ్బెర్లకు, సాటి వచ్చేది లేదు. పళ్లెం నిండా ఖరీదైన మాంసం కన్నా దోసెడు గుడాలే కల్లు రుచిని ఎక్కువ నిలుపుతాయి. తాటాకును దొప్పగా మలిచిన రేకను నోటికి ఆనించి తాగే పద్ధతి ఊళ్లలో ఉన్నా, దుకాణాల్లో సీసాలే వాడుక.

1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ కర్మాగారం, 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పరిశోధన సంస్థ, ఆ తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు వచ్చాయి. కార్మికులు పెరగడంతో సాయంత్రపు గిరాకీ కూడా పెరిగింది. చెట్టు ఇచ్చేది మాత్రం కాలాన్ని బట్టే. ఈ తేడా కల్తీకి దారి తీసింది. నీళ్లు, చక్కెర, సాకరిన్‌తో పరిమాణం పెంచి, మత్తు తగ్గకుండా క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, ఆల్ప్రాజోలం కలపడం తెలంగాణ అంతటా బయటపడిన మోసం. ఇందులో చివరిది నిద్ర, ఆందోళనలకు వైద్యులు రాసే మందు. దాని అక్రమ తయారీ కేసులు మందుల పరిశ్రమకు నెలవైన సంగారెడ్డి జిల్లాలోనే నమోదు కావడం గమనార్హం. ఇలాంటి కల్తీ కల్లుకు అలవాటుపడినవారు హఠాత్తుగా మానితే వణుకు, మూర్ఛ, పొంతనలేని మాటలు రావచ్చు. ఇవి కల్లు వల్ల కాదు, అందులో కలిపిన మత్తుమందు ఆగిపోవడం వల్ల వచ్చే లక్షణాలు.

పొరుగున ఉన్న హైదరాబాద్‌లోని కల్లు దుకాణాలను 2004లో ప్రభుత్వం మూసివేయించింది. తెలంగాణ ఏర్పడిన 2014లో అవి తిరిగి తెరుచుకున్నాయి. పులియని రసమైన నీరాకు ప్రోత్సాహంగా 2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున నీరా కేఫ్ ప్రారంభమైంది. నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూసి, పొద్దు పొడవకముందే దించి, వెంటనే చల్లబరచాలి. లేకుంటే కొన్ని గంటల్లోనే అది కల్లు అవుతుంది.