చీకటితో ఎక్కిన కొండ

డిసెంబరు 31 రాత్రి పన్నెండు కాబోతుండగా మన చర్చిల్లో జనం మోకాళ్ల మీద ఉంటారు. గంట కొట్టాక వాగ్దాన వచనం ఉన్న కార్డు తీసుకుని ఇంటికొచ్చి, అద్దం మూలకో గోడకో అంటించుకుంటారు. ఈ జాగరణ చాలా దూరం నడిచి మన దాకా వచ్చింది. జర్మనీలోని హెర్న్‌హూట్ గ్రామంలో మొరేవియన్ విశ్వాసులు 1728 నుంచి రోజుకో వాక్యం ఇంటింటికీ అందించుకునేవారు. 1731 నాటికి అది అచ్చు పుస్తకమైంది. పాత ఏడాదిని ప్రార్థనతో సాగనంపడం కూడా వాళ్లకు అలవాటే. వాళ్ల దగ్గర ఎంతో నేర్చుకున్న జాన్ వెస్లీ 1755లో లండన్‌లో నిబంధన ఆరాధన జరిపాడు; తర్వాత మెథడిస్టులకు అది కొత్త సంవత్సరపు ఆరాధనగా స్థిరపడింది. 1862 డిసెంబరు 31 రాత్రి అమెరికాలో నల్లజాతి విశ్వాసులు మేలుకునే ఉన్నారు. తెల్లవారితే లింకన్ బానిసల విముక్తి ప్రకటన రావాలి. అంతటి ఆశతో ఎదురుచూసిన కొత్త సంవత్సరాలు చరిత్రలో అరుదు.

కానీ నా మనసు ఆగిపోయేది 1854 జనవరి 1 దగ్గర, ఒంగోలులో.

శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరి అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌కు పాదు వేశాడు. పదమూడేళ్లయినా మిగిలింది ఒక్క కేంద్రం, గుప్పెడు విశ్వాసులు. దాన్ని మూసేద్దామా అని 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన మిషన్ సభలో తర్జనభర్జన పడ్డారు. పటం మీద ఒంటరిగా కనబడే ఆ చుక్కకే ‘లోన్ స్టార్’ (ఒంటరి నక్షత్రం) అన్న పేరొచ్చింది. అలాంటి రోజుల్లో ఆ మిషన్‌లోని మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, తెలుగు విశ్వాసులు క్రిస్టియన్ నరసు, జూలియా, రూత్ చీకటితోనే ఒంగోలు కొండెక్కి తలా ఒకసారి ప్రార్థించారు. దిగువన నాగజెముడు కమ్మిన ఒక మిట్టను చూపించి, అక్కడ మిషన్ బంగళా ఉంటే ఎలా ఉంటుందని జూయెట్ జూలియాను అడిగాడు. ఆ రోజు వస్తుందనీ చెప్పాడు. వాళ్లు కోరుకున్నది ఇంత మందీ అంత మందీ అని కాదు, ఒంగోలుకు ఒక మనిషి. కోరికను ఒక మిట్ట మీద వేలు పెట్టి చూపగలిగేంత స్పష్టంగా పెట్టుకున్నారు, దానికి గడువు మాత్రం పెట్టలేదు. నాకు అబ్బురమనిపించేది అదే.

ఎనిమిదేళ్లు గడిచినా ఆ మనిషి రాలేదు. 1862లో మళ్లీ మూసివేత మాట వచ్చింది. అప్పటికి అమెరికాలో ఉన్న జూయెట్, ఎవరూ రాకపోయినా తానొక్కడే తిరిగి వెళ్లి తెలుగువాళ్ల మధ్యే కన్నుమూస్తానన్నాడు. చివరికి మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. నాగజెముడు మిట్ట మీదే బంగళా లేచింది. అదే ఏడు తోళ్ల వ్యాపారం చేసే మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొంది, తన బంధువర్గంలోకి ఊరూరా సువార్త మోసుకెళ్లాడు. అమెరికా నుంచి వచ్చినవారి పేర్లు భవనాల మీద చదువుతాం. కానీ మాదిగ గూడేల దారులు తొక్కింది పేరయ్య లాంటివాళ్లు. 1867 జనవరి 1న, మళ్లీ కొత్త సంవత్సరం రోజునే, ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

ఆపైన 1876-78 కరువు. కుర్రతనంలో భూములు కొలిచే పని చేసిన క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మం మాత్రం ఇవ్వలేదు. గింజల కోసం చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. ఆ నిగ్రహం అన్నిటికన్నా గొప్పదని నా నమ్మకం. పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, ఒకసారికి ఇద్దరు బోధకుల చొప్పున దిగి, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. కొండ మీది ప్రార్థనకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు.

నిరుడు కొత్త సంవత్సరానికి నేను రాసుకున్న చీటీలో పది కోరికలున్నాయి, అన్నిటికీ డిసెంబరే గడువు. ఈసారి ఒక్కటే రాస్తున్నాను: మా సంఘంలో చదవలేని పెద్దవాళ్లు తమ బైబిలు తామే చదువుకోవాలి. మొదట ముగ్గురు, గురువారం సాయంత్రాలు. తేదీ రాయాల్సిన చోటు ఖాళీగానే వదిలాను.