మూత్రపిండాలూ, 'ప్రిల్' మాత్రలూ

రక్తపోటు, మధుమేహం ఉన్నవారి మందుల చీటీలో ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ అనే పేర్లు తరచుగా కనిపిస్తాయి. పేరు చివర 'ప్రిల్' ఉన్న ఈ మందులు ఏ.సి.ఇ. అనే ఎంజైమును అడ్డుకుంటాయి. వీటి పుట్టుక ఒక పాము విషంతో ముడిపడి ఉన్నది. బ్రెజిల్ దేశపు జరరాకా సర్ప విషంలో రక్తపోటును తగ్గించే గుణానికి కారణమైన పదార్థాన్ని సెర్జియో ఫెరీరా 1965లో వెల్లడించారు. ఆ ఆధారంతో అమెరికాలోని స్క్విబ్ సంస్థ శాస్త్రజ్ఞులు కుష్మన్, ఒండెట్టి 1975లో క్యాప్టోప్రిల్‌ను రూపొందించారు. 1981లో అది వాడుకలోకి వచ్చింది.

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత గుచ్ఛాలు ఉంటాయి. మడికి నీరు వచ్చే తూము, పోయే తూము ఉన్నట్లే ప్రతి గుచ్ఛానికీ రక్తం వచ్చే నాళమొకటి, పోయే నాళమొకటి ఉంటాయి. ఏ.సి.ఇ. ఎంజైము వలన తయారయ్యే యాంజియోటెన్సిన్-2 పోయే నాళాన్ని బిగిస్తుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. మధుమేహ రోగిలో ఈ ఒత్తిడి ఏళ్ల తరబడి నిలిచి వడపోత పొరను దెబ్బతీస్తుంది, మూత్రంలో ఆల్బుమిన్ పోతుంది. 'ప్రిల్' మందు ఆ బిగింపును సడలిస్తుంది. మొదటి రకం మధుమేహంలో క్యాప్టోప్రిల్ మూత్రపిండాల క్షీణతను నెమ్మదింపజేస్తుందని 1993లో ప్రకటితమైన అధ్యయనం నిరూపించింది. గుండె వైఫల్యంలోనూ, గుండెపోటు తరువాతనూ ఈ మందులు వాడతారు.

ఒత్తిడి తగ్గినందువలన ఆరంభంలో క్రియాటినిన్ కొంత పెరగవచ్చు. 30 శాతం లోపు పెరుగుదలను వైద్యులు సాధారణంగా సహిస్తారు. అది చూసి భయపడి మందు మానివేయడం తొందరపాటే. అయితే పొటాషియం కూడా పెరగవచ్చు గనుక, ఆరంభించిన ఒకటి రెండు వారాలలో రక్తపరీక్ష తప్పనిసరి.

వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మాత్రం ఇదే మందు మూత్రపిండానికి హాని చేయవచ్చు. దానికి తోడు మూత్రం జారీచేసే మాత్రలు, డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు కలిస్తే ప్రమాదం మరింత పెరుగుతుంది. అటువంటి రోజులలో మాత్ర కొనసాగించాలో ఆపాలో వైద్యుడినే వెంటనే అడగాలి.

సరిహద్దు గ్రామాలలో ఇంకొక చిక్కున్నది. ఈవలి పట్టణపు వైద్యుడు రామిప్రిల్, ఆవలి రాష్ట్రపు వైద్యుడు టెల్మిసార్టాన్ రాస్తే, రెండు చీటీలూ ఒకే ఇంట్లో చేరుతాయి. ఈ రెండింటినీ కలిపి వాడితే అదనపు మేలు లేకపోగా మూత్రపిండాలకు హాని ఎక్కువని 2008లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. పాత చీటీలన్నీ వెంట తీసుకువెళ్లాలి.

పొడిదగ్గు విడవకపోతే వైద్యుడు మందు మారుస్తారు. పెదవులు, నాలుక వాస్తే వెంటనే ఆసుపత్రికి చేరాలి. గర్భిణులు ఈ మందులు వాడరాదు.