చెరసాల గుమ్మమున చికిత్స

వ్యసనపరుడు చెరసాలకు పోయినాడన్న, "పోనీ, లోపల నుండి అలవాటైనను మానుకొని వచ్చును" అని ఇంటివారు ఊరట చెందుట కద్దు. అక్కుపల్లి తీరమున గాని, పలాస జీడిపప్పు కార్ఖానాల కడ గాని ఇట్లనుకొను కుటుంబములు లేకపోలేదు. అపాయము అచ్చటనే పొంచియున్నదని శ్రోతలకు మనవి చేయుచున్నాము.

నల్లమందు, హెరాయిన్ జాతి మత్తునకు మరగిన దేహము క్రమముగా పెద్ద మోతాదులను తాళుకొనును. కొన్ని నెలలు అది అందనిచో ఆ తాళిమి పోవును. కోరిక మాత్రము పోదు. విడుదలైనవాడు పాత మోతాదునే పుచ్చుకొనును, ఊపిరి నిలిచిపోవును. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున విడుదలైన 30,237 మంది లెక్కలు 2007లో ప్రకటింపబడెను. మొదటి రెండు వారములలో వారికి మరణభయము తక్కిన జనులకంటె 12.7 రెట్లు, మత్తు మోతాదు మించి చనిపోవుభయము 129 రెట్లు.

విరుగుడు అంతకు నలువదేండ్ల నాడే కానవచ్చెను. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అను వైద్యులు 1964 నుండి హెరాయిన్ వ్యసనపరులకు మెథడోన్ అను మందును దినమున కొక మోతాదుగా ఇచ్చి చూచిరి. పిదప డోల్ బృందము చెరసాలలోనికి పోయెను. విడుదల కానున్న వ్యసనపరులను చీట్లు వేసినట్లు ఎంచి, 12 మందికి లోపలనే మెథడోన్ మొదలిడిరి. 16 మందికి ఈయలేదు. 1969లో ప్రకటించిన ఫలిత మిది: మందు లేని 16 మందియు మరల హెరాయిన్ పాలైరి, వారిలో 15 మందికి మరల శిక్ష పడెను. మందు పొందిన 12 మందిలో మరల శిక్షపడినవారు ముగ్గురే. చిన్న లెక్కయే, కాని పదునారింట పదునారు! అయినను చెరసాలలు కదలుటకు దశాబ్దములు పట్టెను. రోడ్ ఐలాండ్ రాష్ట్రము 2016లో తన చెరసాలలలో ఈ చికిత్సలు నెలకొల్పగా, క్రొత్తగా విడుదలైనవారిలో ఇట్టి మరణములు ఆ యేటి మొదటి ఆరు నెలలలో 26 ఉండగా, మరుసటి యేడు అదే కాలమున 9కి దిగెను.

మన దేశమున ఢిల్లీలోని తీహార్ చెరసాలలో 2008లో ఈ తీరు చికిత్స మొదలయ్యెను. ఇచటి మందు బుప్రెనార్ఫిన్, నాలుక క్రింద కరగు మాత్ర.

సారా మాట వేరు. దానికి బానిసయైనవాడు చెరసాల చేరిన రెండు మూడు దినములలోనే వణకు, మూర్ఛ రావచ్చును. వైద్యుని అవసరము ముందు లోపలనే కలుగును. కోపెన్‌హేగన్‌లో హాల్డ్, జాకబ్‌సన్ అనువారు నులిపురుగుల మందుకై వెదకుచు డైసల్ఫిరమ్‌ను తామే మ్రింగి, పిదప మద్యము సోకగనే బాధపడి, 1948లో దాని గుణమును లోకమునకు తెలిపిరి. ఇంటివారెవరైనను దగ్గరుండి మ్రింగించిననే అది పనిచేయును. గంజాయికి ఇట్టి మందు నేటికిని లేదు.

విడుదల కాగితముతోబాటు వైద్యుని చీటియు చేతి కందినచో, రైలుదిగిన మరునాడే ఆసుపత్రిలో మందు కొనసాగించుకొనవచ్చును.