బుస్సుమని పోయిన గ్యాసు

మొన్న మా ఏసీ బాగుచెయ్యడానికొచ్చినతను లోపలున్న హెచ్‌ఎఫ్‌సీ గ్యాసుని బుస్సుమని గాల్లోకి వదిలేశాడు. నేనూ చూస్తూ ఊరుకున్నాను.

ఓజోన్ పొరను తినే సీఎఫ్‌సీలకు 1987 మాంట్రియల్ ఒప్పందం కళ్ళెం వేసింది. బదులుగా వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్ జోలికి పోవుగానీ భూమిని వేడెక్కిస్తాయి (ఒక బగ్గు సరిచేస్తే ఇంకోటి, మనకు తెలిసిందేగా!). కారు ఏసీల్లో వాడిన ఆర్-134ఏ ఒక్క కిలో, వెయ్యి కిలోల కార్బన్ డయాక్సైడుకన్నా ఎక్కువ.

యూరోపియన్ యూనియన్ 2006 చట్టం ప్రధానంగా లీకులు అరికట్టమంది. 2014లో మాత్రం సరుకు మీదే కోటా పెట్టారు. 2018లో అది 93 నుంచి 63 శాతానికి పడింది. ధరలు మండిపోయాయి, దొంగసరుకు పెరిగింది. చట్టం నిజంగానే కరిచిందనడానికి నాకైతే అదే రుజువు.

2016 కిగాలీ సవరణను మన దేశం 2021లో ఒప్పుకుంది. ఇక్కడ వాడకానికి గీత గీసేది 2028లో, తగ్గింపు 2032 నుంచి. మెకానిక్ వచ్చే ఎండాకాలం మళ్ళీ వస్తాడు. ఆ గ్యాసు సిలిండర్లోకి పట్టొచ్చు కదా అని ఈసారైనా అడగాలి.